మైపాడు తెల్లవారుజాము రికార్డింగులో ఏరేటర్ల మోత: తీసేయాలా, ఉంచాలా? పర్యావరణ సంగీతం చరిత్ర తెలిసినవాళ్లు చెప్పండి

మైపాడుగాలి
నెల్లూరులో ఒక చదువుకునే హాలుకు రెండు గంటల పర్యావరణ సంగీతం తయారు చేయాలి. పాట వద్దు, మాట వద్దు, చదివేవాళ్ల ధ్యాస చెడకూడదు, మన తీరం వినపడాలి. అంతవరకే అడిగారు.

మైపాడుకు ఉత్తరంగా ఇసుకదిబ్బ వెనక తెల్లవారుజామున 4 నుంచి 6 దాకా తీసిన రికార్డింగు ఉంది. జూమ్ హెచ్5 రికార్డరు, దాని మీదుండే ఎక్స్‌వై మైకు (ఒకదాని మీదొకటి అడ్డంగా ఉండే జంట మైకులు), బొచ్చు తొడుగు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. అల బాగానే వచ్చింది గానీ మొదట్నుంచి చివరిదాకా కింద రొయ్యల గుంటల ఏరేటర్ల మోత, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే మోటారు చక్రాలది. 100 హెర్ట్జ్ దగ్గర నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేది) పెడితే గుయ్యిమనే రొద తగ్గింది, తపతప మాత్రం పోవడం లేదు. నాయిస్ రిడక్షన్ వేస్తే అల కూడా డొల్లబోతోంది.

ఇంకో సంగతి. ఇది ఇంగ్లండు సంగీతకారుడు బ్రయాన్ ఈనో కనిపెట్టిన సంగీతమని ఒకరు, సామవేదం నాటి నుంచీ మనదేనని ఇంకొకరు వాదిస్తున్నారు. హాలు గోడకు అతికించే కాగితంలో నాలుగు ముక్కలు రాయాలి. ఏది రాయాలి?

పెన్నఒడ్డు
చరిత్ర ముందు చెప్తాను. ఇందులో రెండు పాయలున్నాయి. రెంటినీ కలిపేసి మాట్లాడతారు గనకే ఈ గొడవ. సంగీతాన్ని చుట్టుపక్కల వాతావరణంలో కలిసిపోయేలా చేయడం ఒక పాయ. చుట్టుపక్కల వినపడేదాన్నే సంగీతంగా వినడం రెండోది.

మొదటిదానికి మూలం ఫ్రాన్సు స్వరకర్త ఎరిక్ సతీ. 1917లో ఫర్నిచర్ సంగీతం అనే ఊహ తెచ్చాడు. కుర్చీ బల్లలాగా గదిలో ఉండాలి, దానికేసి చూస్తూ కూర్చోకూడదు అని. 1920లో పారిస్‌లో ఒక గ్యాలరీలో నాటకం విరామంలో వాయిస్తే జనం మాటలాపి వినడం మొదలుపెట్టారు. సతీ వాళ్ల మధ్యకెళ్లి మాట్లాడుకోండి, అటూ ఇటూ తిరగండి అని బతిమాలాడట. నీ హాలుకు సరిగ్గా కావలసింది ఇదే: ఎవరూ తల తిప్పి వినకూడదు.

ఈనో ఆ తర్వాతివాడు. 1975లో ప్రమాదం జరిగి మంచంలో ఉన్నప్పుడు హార్ప్ రికార్డు బాగా తక్కువ సౌండులో మోగింది, బయట వాన. లేచి పెంచలేక అలాగే విన్నాడు. 1978లో విమానాశ్రయాల కోసం చేసిన ఆల్బంతో యాంబియంట్ అనే పేరు స్థిరపడింది. 1982లో జపాన్‌లో హిరోషి యోషిమురా చేసిన పోస్టుకార్డుల ఆల్బం వచ్చింది, టోక్యోలోని హారా మ్యూజియంలో వినిపించారు. దాన్ని ప్రచురించిన సతోషి అషికావా ఈనోనూ చదివాడు, చుట్టూ వినపడేదాని మీద పుస్తకం రాసిన కెనడా స్వరకర్త షేఫర్‌నూ చదివాడు. అక్కడ రెండు పాయలూ కలిశాయి. వాళ్లు కంక్యో ఒంగాకు, అంటే పర్యావరణ సంగీతం, అన్నది ఈ కలయికనే.

రెండో పాయ గురించి ఇంకొకరు రాయండి, లేకపోతే సాయంత్రం నేనే రాస్తా.

శ్రుతిపెట్టె
సామవేదం అన్నవాళ్లు ఏ ఆధారంతో అన్నారో అడగండి. ప్రకృతికీ స్వరానికీ ముడి వేసింది నారదీయ శిక్ష అనే పాత సంస్కృత గ్రంథం. నెమలి షడ్జం, ఎద్దు ఋషభం, మేక గాంధారం, క్రౌంచం మధ్యమం, వసంతంలో కోయిల పంచమం, గుర్రం ధైవతం, ఏనుగు నిషాదం. శార్ఙ్గదేవుడి సంగీత రత్నాకరంలో ఋషభానికి చాతకం, ధైవతానికి కప్ప వస్తాయి. రెండు జాబితాలు వేరువేరుగా ఉన్నాయంటేనే ఇది శ్రుతి కొలిచి రాసింది కాదని అర్థం. స్వరానికి ఒక గుణం, ఒక గుర్తు ఇవ్వడం.

అమృతవర్షిణి రాగం వాన కురిపించిన కథా అంతే, అది భక్తి కథ. రాగం ఋతువును తలపుకు తెస్తుంది. చెరువులో కప్ప అరుపును చెరువులోనే వినిపించే పని రాగానిది కాదు. మన సంప్రదాయానికి గౌరవం ఇవ్వాలంటే గోడ కాగితంలో ఈ రెంటినీ విడదీసి రాయాలి.

కంభంచెరువు
శ్రుతిపెట్టె గారూ, కోయిల పంచమం అంటారు గదా, కోయిల కూత ఒక్క స్వరం మీద నిలవదు. ఒక్కో కూతకూ శ్రుతి కొంచెం కొంచెం పైకి లేస్తా పోయి టక్కున ఆగుద్ది. మళ్లీ కింది నుంచి ఎత్తుకుంటది.

శ్రుతిపెట్టె
అవును. కొలత కాదన్నది అందుకే.

నల్లంచి
రెండో పాయలో పక్షుల ముక్క నేను రాస్తాను, ఇందులో నెల్లూరుకు సంబంధం ఉంది.

పక్షి కూతను మొదటిసారి యంత్రంలో పట్టింది 1889లో. జర్మనీలో లుడ్విగ్ కాచ్ అనే పిల్లవాడు ఎడిసన్ మైనపు సిలిండరు మీద పట్టాడు. ఆ పక్షి యూరప్ పక్షి కాదు, పంజరంలో పెంచుకుంటున్న షామా. మన అడవుల్లో ఉండే పొద నల్లంచి. ఆ పేరును పుస్తకానికెక్కించిన బ్రిటిష్ పక్షిశాస్త్రవేత్త జెర్డన్ 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్. యానాదులను అడిగి పక్షుల తెలుగు పేర్లు రాసుకున్నాడు. అరుదైన పక్షి కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. కలివికోడి కూతను రికార్డు చేయగలిగింది మాత్రం 2000 దాటాకే. అది దొరికాక ఆ కూత వినిపించి బదులు వస్తుందేమో చూసే సర్వేలు చేయగలిగారు.

1924లో ఇటలీ స్వరకర్త రెస్పీగీ తన రోమ్ పైన్ చెట్ల కూర్పులో వాద్యబృందం మధ్య గ్రామఫోను పెట్టి నైటింగేల్ పాట వినిపించాడు. ఫ్రాన్సులో స్వరకర్త మెస్సియాన్ దారి వేరు. పొలాల్లో కూర్చుని పక్షి పాటకు నొటేషన్ రాసుకునేవాడు. పక్షి వేగం మనిషి వేళ్లకు అందదు, దాని సన్న అంతరాలు పియానో మీద లేవు. అందుకని వేగం తగ్గించి, అంతరాలు పెంచి రాశాడు. శ్రుతిపెట్టె గారికి తెలిసే ఉంటుంది, ఆయన తాళాలు వెతికింది శార్ఙ్గదేవుడి 120 దేశీ తాళాల పట్టికలో.

శ్రుతిపెట్టె
తెలుసు. గోడ కాగితంలో ఆ ఒక్క ముక్క రాస్తే సామవేదం అన్నవాళ్లకూ తృప్తి.

కావలిరేడియో
సముద్రం రికార్డింగు గురించి అడిగితే ఇర్వ్ టైబెల్‌ను వదిలేశారేంటి? 1969లో ఎన్విరాన్‌మెంట్స్ అనే ఎల్‌పీల వరస మొదలుపెట్టాడు. మొదటి ప్లేటు ఒక పక్కంతా సముద్రమే. చాలా తీరాల్లో తీసినా టేపు వింటే అల అలలా వినపడలేదు. చివరికి న్యూయార్క్ బ్రైటన్ బీచ్ టేపును ఐబీఎం 360 కంప్యూటర్‌లో సవరించి వాడాడు. అంటే జనం 50 ఏళ్లుగా సహజం అనుకుని విన్న అల కూడా దిద్దిన అలే. ఈరోజు యూట్యూబ్‌లో 8 గంటల వీడియోలన్నిటికీ తాత ఆ ప్లేటు.

కాబట్టి మైపాడుగాలి, దిద్దడం తప్పు కాదు. ఎందుకు దిద్దుతున్నామో తెలిస్తే చాలు.

ఉదయగిరి_రాయి
తీసేయ్. చదువుకునే పిల్లలకు మోటారు వినిపించి ఏం సాధిస్తాం? బయటకెళ్తే ఎటూ అదే వింటారు.

కొత్తపట్నంకెరటం
తీసేయ్ అని అంత తేలిగ్గా అనేయకండి. ఈ వాదన 1989లోనే జరిగింది. చుట్టూ ఉన్న చప్పుళ్లతో కూర్పులు చేసే హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్ వాంకూవర్‌లో ఒక బీచ్ మీద చేసిన కూర్పు అంతా దీని గురించే. రాళ్లకు పట్టిన బార్నకిల్స్ అనే చిన్న గుల్లజీవులు సన్నగా చిటపటలాడుతుంటాయి, వెనక నగరం మోత. ఆమె గొంతే మనకు చెప్తుంది, నగరాన్ని ఫిల్టర్ చేసేసి అది లేనట్టు నటించగలను అని. మన చెవి ముందే ఫిల్టర్ కొట్టేసి చెప్తుంది. వింటుంటే మైకు ఏం విన్నది, మనకు ఏం వినిపించారు అనే తేడా తెలిసిపోతుంది.

అంతకు ముందు ఫ్రాన్సు స్వరకర్త లూక్ ఫెరారీ. 1960ల చివర్లో క్రొయేషియా తీరంలో వేలా లూకా అనే చేపలవాళ్ల ఊరు. కిటికీలో మైకు పెట్టి రోజూ తెల్లవారుజామున తీశాడు. అదంతా కలిపి 20 నిమిషాలకు కుదించాడు. పడవ ఇంజన్లు, లారీ, గాడిద, మనుషుల మాటలు, చివర్లో కీచురాళ్లు. ఇంజను తీసేసి ఉంటే అది ఆ ఊరే కాదు.

షేఫర్ బృందం సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో చేసిన పని ఈ రెండో పాయకు వెన్నెముక. 1973లో వాంకూవర్ ధ్వనిచిత్రం, 1975లో యూరప్‌లో ఐదు ఊళ్లు, 1977లో షేఫర్ పుస్తకం. ఎప్పుడూ వెనక నడుస్తూ ఉండి ఎవరూ పట్టించుకోనిదాన్ని ఆధార ధ్వని అన్నాడు. మన సంగీతంలో తంబురా చేసే పని. అల ఆ పని చేస్తుందని నువ్వనుకుంటున్నావు గానీ, రాత్రి 10 నుంచి తెల్లారేదాకా అల్లూరు, విడవలూరు తీరానికి ఆధార ధ్వని ఇప్పుడు ఏరేటరే. కొత్తపట్నం వైపూ అంతే.

రొయ్యలగుంట
ఏరేటర్లను తిట్టేముందు అవి ఆ టైములో ఎందుకు తిరగతా ఉండాయో తెలుసుకోండబ్బా.

పగలు ఎండకు నీళ్లలో ఉండే నాచు ఆక్సిజన్ వదల్తది. పొద్దు గూకినాక ఆ నాచే ఆక్సిజన్ పీల్చుకుంటది, రొయ్యా పీల్చుకుంటది, అడుగున కుళ్లే మేతా లాగేస్తది. డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడతా పడతా తెల్లారే ముందు మరీ కిందికి పోతది. అప్పుడు మోటారు ఆపితే రొయ్య పైకి తేలి చస్తది, పంటంతా పాయ. మీరు రికార్డు చేసేది సరిగ్గా ఆ టైములోనే.

ఏరేటర్లు తక్కువ తిరిగేది మంచి ఎండున్న రోజు మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా. ఇంగో దారి, పట్టుబడి అయిన, అంటే రొయ్య పట్టేసిన గుంటలు చూసుకోండి. పట్టినాక నీళ్లు దించి అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండేస్తారు. ఆ కొన్ని వారాలు మోటార్లు ఉండవు. కాకపోతే ఒక రైతుది ఆగితే పక్కోడిది నడస్తా ఉంటది. గుంటల మనిషిని అడిగితే ఏ వరసలో ఎప్పుడు పట్టుబడో చెప్తాడు.

మైపాడుగాలి
మధ్యాహ్నం అంటే సముద్రపు గాలి. బొచ్చు తొడుగు వేసినా మైకు దడదడమంటుంది.

సోల్డరింగ్‌సుబ్బు
నాచ్ ఎందుకు సగమే పనిచేసిందో చెప్తాను. మన కరెంటు 50 హెర్ట్జ్, మోటారు రొద దానికి రెట్టింపు 100 దగ్గర, ఆపైన 200, 300 దగ్గర వస్తుంది. ఇవి సన్నటి గీతలు, వాటిని సన్న నాచ్‌తో తీసేయొచ్చు, అల మీద దెబ్బ పడదు. తపతప అలా కాదు. గేరుబాక్సు తర్వాత చక్రం నిమిషానికి 100 చుట్లు తిరిగి, 8 రెక్కలుంటే సెకనుకు 13 దెబ్బలు. ప్రతి దెబ్బా నీళ్లు చిమ్మే చప్పుడు, 200 హెర్ట్జ్ నుంచి 8 కిలోహెర్ట్జ్ దాకా పరుచుకుని ఉంటుంది. అల కూడా అంతే వెడల్పున పరుచుకున్న చప్పుడు. సాఫ్ట్‌వేర్‌కు రెండూ నీళ్లే. ఒకదాన్ని గీకితే రెండోది పోతుంది. నీకు డొల్లగా వినపడింది అదే.

ఫైలులో దీనికి మందు లేదు. మైకు పెట్టే చోట మార్చుకోవాల్సిందే.

కొత్తపట్నంకెరటం
చోటు గురించి. దిబ్బ వెనక, అంటే గుంటల వైపు పెట్టావు. దిబ్బ అలను కొంత ఆపింది, ఏరేటర్లకు నువ్వు ఎదురుగా ఉన్నావు. పైగా తెల్లవారుజామున రెండు సంగతులు కలుస్తాయి. నేల చల్లబడి కింద చల్లగాలి, పైన వెచ్చగాలి ఉంటుంది, అప్పుడు చప్పుడు పైకి పోకుండా నేలవైపు వంగి దూరం ప్రయాణిస్తుంది. ఆ టైములో వీచేది నేల గాలి, పడమటి నుంచి సముద్రం మీదికి. గుంటల మోతనంతా మోసుకొచ్చి నీ మైకులో పోస్తుంది.

దిబ్బకు సముద్రం వైపు దిగి, పాదం దగ్గర పెట్టు. మైకు ఇసుకకు ఒక మీటరు ఎత్తులో, దిబ్బ తలకన్నా కిందుండాలి. తపతపలో సన్న శబ్దాలన్నీ దిబ్బ నీడలో పడిపోతాయి. మంద్రపు రొద మాత్రం దిబ్బ మీదుగా వంగి వస్తుంది, దానికి సుబ్బు చెప్పిన నాచ్ చాలు. ఎక్స్‌వై వీపు గుంటల వైపు ఉండాలి, కార్డియాయిడ్ మైకు వెనక నుంచి తక్కువ వింటుంది. నేల గాలికి కూడా దిబ్బే అడ్డం.

నీళ్లకు మరీ దగ్గరగా పెడితే నురగ ఇసుకలోకి ఇంకే సుయ్యిమనే చప్పుడే నిండిపోతుంది. 20 మీటర్లు వెనక్కి వస్తే అల విరిగే బరువు, వెనక్కి లాగేటప్పుడు గుల్లల మీద జారే చప్పుడు రెండూ విడివిడిగా తెలుస్తాయి. ఒడ్డు వాలు ఎక్కువగా ఉన్నచోట అల ఒక్కసారి విరిగి పడుతుంది. వాలు తక్కువైతే నురగగా పరుచుకుంటుంది. చదువుకునే హాలుకు రెండోదే మంచిది, దడేల్‌మని ఉలికిపాటు ఉండదు.

లెవెల్: పెద్ద అలకు కూడా మైనస్ 12 డీబీ దాటకూడదు. 80 హెర్ట్జ్ కిందిదంతా కోసే హైపాస్ రికార్డరులో పెట్టొద్దు, ఇంటికొచ్చాక పెట్టుకోవచ్చు. ఈ సెట్టింగులో గంటకు సుమారు 1 జీబీ. అయిపోగానే మైకు తలను పొడిబట్టతో తుడిచి సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో పెట్టు. ఉప్పుతేమ పట్టిన కండెన్సర్ మైకు మర్నాటి నుంచి పటపటమంటుంది.

ఇంకో విషయం. షేఫర్ వాళ్ల ఐదు ఊళ్లలో లెస్కోనిల్ అనేది ఫ్రాన్సులో చేపలవాళ్ల ఊరు. అక్కడ రోజంతా గాలి దిక్కు మారేకొద్దీ ఏ దిక్కు చప్పుడు ఊళ్లోకి వస్తుందో గంటల వారీగా రాశారు. మన పట్టపు జాలర్లకు అది పుట్టుకతో తెలిసిన లెక్క. వాళ్లను అడిగి గాలి మారే టైమును రాసుకో, ఏ యాప్ కన్నా కచ్చితంగా ఉంటుంది.

ఉదయగిరి_రాయి
కెరటం గారు మోత ఉంచమనీ చెప్తున్నారు, తప్పించుకునే దారీ చెప్తున్నారు. ఏది పాటించాలి?

కొత్తపట్నంకెరటం
హాలులో వినిపించేది ఒకటి, దాచిపెట్టేది ఒకటి. హాలు కోసం చోటు మార్చుకుని తియ్యి. కానీ ఏరేటర్లతో తీసిన ఆ రెండు గంటలు చెరిపేయొద్దు, తేదీ, టైము, చోటు రాసి అలాగే ఉంచు.

ఎందుకో, ప్రకృతి చప్పుళ్లు రికార్డు చేసే బెర్నీ క్రౌస్ పని చూస్తే తెలుస్తుంది. కాలిఫోర్నియా సియెర్రా నెవాడాలో లింకన్ మెడో అనే చోట 1988లో రికార్డు చేశాడు. తర్వాత అక్కడ ఏరి ఏరి చెట్లు కొట్టారు, అడవికేమీ కాదన్నారు. 1989లో అదే చోట, అదే కాలంలో మళ్లీ తీశాడు. ఫోటోలో అడవి అలాగే ఉంది. చప్పుడును బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రాంలో పక్షుల గీతలు చాలావరకు మాయం. ముందటి టేపు ఉండబట్టే ఆ సంగతి బయటపడింది. ప్రాణులది బయోఫొనీ, గాలీ నీరుది జియోఫొనీ, మనుషులది ఆంత్రొపొఫొనీ అని విడదీసింది కూడా ఆయనే. నీ మైపాడు టేపులో మూడోది మొదటిదాన్ని ఎంత కప్పేసిందో లెక్క వేయొచ్చు. పదేళ్ల తర్వాత ఇంకొకరికి అది కావాలి.

ఉదయగిరి_రాయి
ఇలా అయితే ఒప్పుకుంటా. హాలుకు మాత్రం మోటారు వద్దు.

నల్లంచి
పక్షుల చప్పుడు కలపాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. సముద్రం ట్రాకులో కోయిలను అతికించొద్దు. అది ఉండే చోటు వేరు, పైగా ఎక్కే శ్రుతి కాబట్టి ప్రతి కూతకూ చదివేవాడి తల లేస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా పెన్న గట్టు తోటల్లో పెద్ద నల్లంచి తెల్లారకముందే మొదలుపెడుతుంది, దూరం నుంచి తీస్తే మెత్తగా ఉంటుంది.

గూడబాతుల కోసం నేలపట్టు పక్షుల అభయారణ్యానికి పోవాలనుకునేవాళ్లకు: పెద్ద పక్షులు దాదాపు మూగవి, అరిచేవి గూట్లో పిల్లలు. నత్తగుల్ల కొంగలు ముక్కులు టకటకలాడిస్తాయి. అటవీశాఖ అనుమతి తీసుకోండి, గూళ్ల కాలంలో ఫోనులో కూతలు వినిపించి పిలవొద్దు, అవి గూడు వదిలి లేస్తే గుడ్ల మీద ఎండ పడుతుంది.

పక్షి కూతల వెబ్‌సైటు జీనో-కాంటో నుంచి కూతలు దింపుకుంటే లైసెన్సు చూడండి. అక్కడ చాలావాటికి వ్యాపారానికి వాడకూడదన్న షరతు ఉంది. డబ్బు తీసుకోని హాలులో పెడితే ఫరవాలేదు, అదే ఫైలు యూట్యూబ్‌లో ప్రకటనలతో పెడితే తప్పు.

సోల్డరింగ్‌సుబ్బు
నీళ్ల పైనే ఎందుకు, కిందా వినండి. బకింగ్‌హాం కాలువలో, ఉప్పుకయ్యల్లో చిటికెల రొయ్యలుంటే తాలింపులో ఆవాలు పేలినట్టు ఆగకుండా ఉంటుంది.

హైడ్రోఫోను, అంటే నీళ్లలో వినే మైకు, తక్కువ ఖర్చులో: 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ల, సన్న షీల్డు వైరు. వైరు మధ్య తీగ తెల్ల భాగానికి, జాలీ ఇత్తడికి. సోల్డరింగ్ ఐరన్ రెండు సెకన్లకు మించి ఆనించకు, తెల్ల పూత లేచిపోతుంది. రెండు భాగాల ఎపాక్సీ పూసి 24 గంటలు ఆరనిచ్చి, వైరు చేరే మూల మీద ఇంకో పూత వెయ్యి. నీళ్లు దూరేది ఎప్పుడూ అక్కడే.

అందరూ దెబ్బతినేది తర్వాత. బిళ్లను నేరుగా రికార్డరులో గుచ్చుతారు, సన్నగా కీచుమంటుంది, పీజో మంచిది కాదని పారేస్తారు. బిళ్ల కెపాసిటెన్సు సుమారు 20 నానోఫారడ్. మైకు ఇన్‌పుట్ 4 కిలోఓమ్‌లైతే 2,000 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసుకుపోతుంది. మధ్యలో 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న బఫర్ పెడితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగుతుంది. టీఎల్072 ఐసీ ఒకటి, 9 వోల్టుల బ్యాటరీ, రేకు డబ్బా చాలు. రేకు డబ్బా ఎందుకంటే ప్లాస్టిక్‌దైతే కరెంటు లైను రొద పట్టేస్తుంది.

కంభంచెరువు
పోర్టు గేట్ల దగ్గర, షార్ హద్దుల దగ్గర ఇవేవీ దించొద్దు. వైరూ బ్యాటరీ చూస్తే ఎవరైనా ఆపుతారు, ఆపాల్సిందే.

మైపాడుగాలి
అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు లూపు సంగతి. రెండు గంటల ఫైలు రోజంతా తిరిగితే రోజూ వచ్చేవాళ్లు పట్టేస్తారు. ఫలానా పెద్ద అల వచ్చింది, ఇక ఫలానాది వస్తుంది అని.

పెన్నఒడ్డు
దానికి జవాబు ఈనో 1978 ఆల్బంలోనే ఉంది. ఒక్కో గొంతు స్వరాన్ని ఒక్కో టేపు లూపు మీద పెట్టాడు. ఒకటి 23 1/2 సెకన్లకు, ఇంకొకటి 25 7/8 సెకన్లకు, మరొకటి 29 15/16 సెకన్లకు తిరిగి వస్తాయి. పొడవులు ఒకదానికొకటి పొసగవు గనక అవి కలిసే తీరు ప్రతిసారీ మారిపోతుంది.

నువ్వూ మూడు పొరలు చెయ్యి. దూరపు అలల బరువు 23 నిమిషాలు, ఒడ్డు నురగ 19 నిమిషాలు, తోట లేక కాలువ 17 నిమిషాలు. మూడూ ప్రధాన సంఖ్యలు. మూడూ మళ్లీ ఒకే చోట కలవాలంటే 7,429 నిమిషాలు పడుతుంది, అంటే 5 రోజులకు పైన. ప్రతి లూపు అతుకు దగ్గర 15 సెకన్ల క్రాస్‌ఫేడు వెయ్యి, చివర తగ్గుతుంటే మొదలు పెరిగేలా. రెండు చివర్లూ అల వెనక్కి పోయే చోటే ఉండాలి. అల విరిగే చోట కోస్తే ఎంత ఫేడు వేసినా తెలిసిపోతుంది. గుర్తుపట్టేలా ఉన్న చప్పుళ్లు, అంటే ఒక కాకి అరుపు, ఒక బండి హారన్ లాంటివి, లూపులో ఉండకూడదు.

కావలిరేడియో
ఎంపీ3 వద్దు. పాటకైతే 128 కేబీపీఎస్ ఎలాగో సరిపోతుంది, అలకు సరిపోదు. అల అంటే అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకేసారి, కుదించడానికి దానిలో పునరుక్తి దొరకదు. గరగరలాడుతూ నీళ్లు సుడి తిరిగినట్టు వినిపిస్తుంది. వేవ్ గానీ ఫ్లాక్ గానీ పెట్టండి.

కంభంచెరువు
హాలులో సీలింగ్ ఫ్యాన్లు ఉన్నాయా?

మైపాడుగాలి
ఎనిమిది.

కంభంచెరువు
అయితే మిక్సింగు ఇంట్లో హెడ్‌ఫోన్లో ముగించొద్దు. ఫ్యాన్లన్నీ మామూలు స్పీడులో పెట్టి, కుర్చీలో చదివేవాడి తల ఉండే ఎత్తులో సౌండు మీటరు పెట్టి కొలువు. ఫ్యాను గాలి చప్పుడు 45 డీబీఏ దాకా ఉంటే, నీ నురగ చప్పుడు దానిలో కలిసిపోతుంది. దాన్ని దాటించాలని వాల్యూము పెంచితే సతీ దగ్గరికొచ్చిన కష్టమే వస్తుంది, జనం వినడం మొదలుపెడతారు. ఫ్యాన్లను నాలుగో పొర అనుకుని సుయ్యిమనే భాగం తగ్గించి, 150 నుంచి 500 హెర్ట్జ్ మధ్య అల బరువును కొంచెం పెంచు. ఫ్యాను మోత కన్నా 3 డీబీ కిందుంటే చాలు, పైకి రావక్కర్లేదు. స్పీకర్లు జనం వైపు తిప్పకుండా గోడ వైపు, లేక కప్పు వైపు తిప్పితే చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియదు.

చలికాలంలో ఫ్యాన్లు ఆపుతారు గదా, దానికి ఇంకో మిక్సు ఉంచుకో.

శ్రుతిపెట్టె
గది చప్పుడును లెక్కలోకి తీసుకోమన్నందుకు కంభం గారికి నమస్కారం. 1952 ఆగస్టు 29న వుడ్‌స్టాక్ దగ్గర జాన్ కేజ్ కూర్పును డేవిడ్ ట్యూడర్ ఒక్క స్వరమూ మీటకుండా పియానో ముందు 4 నిమిషాల 33 సెకన్లు కూర్చున్న హాలు వెనకభాగం అడవికి తెరిచి ఉండేది. మొదటి భాగంలో బయట గాలి, రెండో భాగంలో కప్పు మీద చినుకులు, మూడో భాగంలో జనం గుసగుసలు, లేచిపోవడాలు. గది చప్పుడు కూడా కూర్పులో భాగమని తేల్చింది ఆ సాయంత్రం. రెండు పాయలనూ కలిపే పేరు ఇంకొకటి రాయాలంటే ఆయనది రాయండి.

ఉదయగిరి_రాయి
స్పీకరే లేకుండా ఒక పని చేయొచ్చు. జపాన్ తోటల్లో చేతులు కడుక్కునే తొట్టి పక్కన నేలలో కుండ పాతిపెడతారు, సుయికిన్‌కుత్సు అంటారు. పారబోసిన నీరు కుండలోకి చుక్కలు చుక్కలుగా పడి లోపల గంటలా మోగుతుంది. మీ హాలు ముందు చేతులు కడుక్కునే కుళాయి ఉంటే అక్కడే పెట్టొచ్చు.

రెండడుగుల ఎత్తు కుండ, లోపల నున్నటి పూత ఉండకూడదు. గరుకు గోడకు నీరు పట్టి చుక్కగా మారుతుంది. అడుగున 2 సెంటీమీటర్ల బెజ్జం వేసి, కుండను బోర్లించి పాతాలి. కింద సిమెంటు పళ్లెం, దానిలో ఎప్పుడూ 7, 8 సెంటీమీటర్ల నీరు నిలిచేలా ఆ ఎత్తులో పక్కకు పీవీసీ గొట్టం. ఆ గొట్టం మూసుకుపోతే నీరు పైకెక్కి చప్పుడు చచ్చిపోతుంది, అన్నిటికన్నా ముందు వచ్చే తంటా అదే. కుండ చుట్టూ, పైన కంకర పోయాలి, మట్టి నేరుగా తగిలితే మోత తగ్గుతుంది. బెజ్జం మీదా, గొట్టం కొసకూ సన్న స్టీలు జాలీ తప్పనిసరి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

రొయ్యలగుంట
కుళాయి పారినప్పుడే మోగుద్దా?

ఉదయగిరి_రాయి
అవును, ఆపాక కూడా కాసేపు చుక్కలు పడతాయి. ధారగా పోస్తే మోగదు, చుక్కలే మోగుతాయి. అందుకని కుళాయి నీరు నేరుగా కాకుండా కంకర మీదుగా ఇంకేలా చూడాలి.

మైపాడుగాలి
కుండ సంగతి హాలువాళ్లకు చెప్తాను. రికార్డింగు మళ్లీ తీయడానికి ఏ రోజులు మంచివి?

రొయ్యలగుంట
మైపాడుకు ఉత్తరాన పక్కపక్కనే ఉన్న రెండు వరసలు ఒకేసారి పట్టుబడికి వస్తా ఉండాయి. పట్టి ఎండేసినాక ఇక్కడే చెప్తా. దక్షిణం వైపు గుంటల్లో సీడ్, అంటే రొయ్య పిల్ల, ఇప్పుడే దించినారు, ఆ పక్కకి పోబాక.

కొత్తపట్నంకెరటం
ఆ వారంలో పౌర్ణమి, అమావాస్యలు పడకుండా చూసుకో. మన దగ్గర పోటుకూ పాటుకూ తేడా మీటరు దరిదాపుల్లోనే గానీ, ఆ రోజుల్లో నీళ్లు దిబ్బ పాదం దాకా వచ్చి స్టాండు తడుస్తుంది. అష్టమి చుట్టుపక్కల అయితే రెండు గంటల్లో నీటి అంచు పెద్దగా జరగదు, అల చప్పుడు మొదట్నుంచి చివరిదాకా ఒకే దూరంలో ఉంటుంది. లూపుకు అదే కావాలి.